నీలం పెట్టెకు నిల్వ నిబంధనలు

కుళాయి ఆరున్నరకు వస్తుంది, ఏడుకు పోతుంది. ఆ అరగంటా నేను గొట్టం పట్టుకుంటే వరహాలమ్మ గారు బిందెలు జరుపుతూ ఉంటారు. ఆవేళ మూడో బిందె నిండగానే ఆవిడ పాత తువ్వాలు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకున్నారు.

"ఎత్తు," అన్నారు.

"ఎక్కడికండీ?"

"నా నెత్తి మీదికే. అక్కడ బోరింగు ఇంటికి దూరమట. ఇంటిల్లిపాదీ నీళ్లు మోసుకొస్తుంటే నేను చుట్టంలాగ కుర్చీలో కూకుంటే ఏం బాగుంటాది? ఎత్తవే, ఏటి చూస్తావు."

ఎత్తాను. ముప్ఫై ఏళ్లుగా కుర్చీలో కూర్చుని ఫైళ్లు రాసిన యాభై నాలుగేళ్ల మనిషి పెరటి గుమ్మం నుంచి వంటింటిదాకా నెత్తిన బిందెతో నడిచారు. సగం నీళ్లు ఆవిడ మీద, కొన్ని నా మీద, కొన్ని గడప మీద పడ్డాయి. మిగిలిన వాటితో టీ పెట్టి, గోడ మీది క్యాలెండరు తిప్పి, వెనక రాసుకున్న జాబితా చివర "నెత్తిచుట్టకు తువ్వాలు" అని చేర్చారు. దానికి పైన దోమతెర, టార్చిలైటు, మలేరియా మాత్రలు, కొబ్బరినూనె, రబ్బరు చెప్పులు, గాజులు ఆరు డజన్లు, గోంగూర పచ్చడి ఒక డబ్బా ఉన్నాయి.

వెళ్లేది ఘనాకు. అది పశ్చిమ ఆఫ్రికాలో ఉంది. అక్కడి ఒక పల్లె నుంచి అకోసువా అనే అమ్మాయి మా ఊరి కాలేజీకి వ్యవసాయం చదవడానికి వచ్చి, నాలుగేళ్లు వరహాలమ్మ గారి మేడ మీది గదిలో అద్దెకు ఉంది. ఇప్పుడు ఆ గదిలో నేనున్నాను. గోడ మీద ఆ అమ్మాయి పెన్సిలుతో రాసుకున్న మాటలు ఇంకా ఉన్నాయి: వంకాయ, చిల్లర, ఏటి, ఎందుకు, ఊరుకో. ఆ అయిదు మాటలతో మొదలుపెట్టి, తిరిగి వెళ్లేనాటికి కూరగాయల బండివాడితో గొడవపడి గెలిచే స్థితికి వచ్చిందట. వరహాలమ్మ గారిని పిన్నీ అనేది. ఇప్పటికీ ఫోనులో అలాగే అంటుంది.

ఆ అమ్మాయికి జనవరిలో పెళ్లి. పిలుపు అక్టోబరులోనే వచ్చింది. అప్పుడు నేనూ పక్కనే ఉన్నాను.

"పిన్నీ, పెళ్లికొడుకు మేనత్త ఒకావిడున్నాది," అంది అకోసువా. "ఎప్పుడూ ఒకటే మాట. నాలుగేళ్లు ఎక్కడో ఉండొచ్చిన పిల్ల, అక్కడ ఎలాగున్నాదో ఎవులు సూసారు, అంటాది. పదిమందిలో అంటాది. నాను సెప్పీసినాను. మా పిన్ని వస్తాది, ఆవిడినే అడుగు అని."

"అడగమను. జొరమొచ్చి పడుకున్నప్పుడు కూడా పరీక్షకి చదివిందని చెప్తాను. నీళ్లచారు తాగనని ఏడిచిందని కూడా చెప్తాను."

"అది సెప్పకు పిన్నీ. వస్తావా, రావా? రాకపోతే ఆవిడే గెలుస్తాది."

"వస్తాను. మాటిచ్చీసాను."

అప్పటి నుంచి వరహాలమ్మ గారు ప్రయాణంలోనే ఉన్నారు. పాస్‌పోర్టు వచ్చింది. వీసా వచ్చింది. విశాఖ వెళ్లి పచ్చజ్వరం టీకా వేయించుకుని, వేసినట్టు ఇచ్చిన పసుపు కార్డు తెచ్చి దేవుడి పటం ముందు పెట్టారు. మార్చడానికి వీల్లేని టిక్కెట్టు కొన్నారు, శనివారం పెళ్లికి బుధవారం మధ్యాహ్నం విశాఖ నుంచి విమానం. అకోసువా రోజుకొకటి చెప్పేది. జనవరిలో ఎడారి నుంచి పొడిగాలి వస్తుంది, దుమ్ము తెస్తుంది, పెదాలు పగులుతాయి. జీడిపప్పు తేవద్దు, మాకూ చెట్లున్నాయి. గోంగూర కూడా ఉంది, పువ్వులతో సర్బతు చేస్తారు, పచ్చడి చేయడం మాత్రం ఎవరికీ రాదు. మేనత్త కోసం వరహాలమ్మ గారు పొందూరు ఖద్దరు చీర కొన్నారు. అరచేతిలో పట్టేంత సన్నటి నేత. అన్నీ నీలం పెట్టెలో సర్ది, తూకం చూసి, విప్పి, మళ్లీ సర్దేవారు. విమానంవాళ్లు ఒప్పుకునేది ఇరవై మూడు కిలోలు. పెట్టె సరిగ్గా ఇరవై మూడుకు వచ్చిన రోజున ఆవిడ పాయసం చేశారు.

ప్రయాణం ఇంకా పదహారు రోజులుందనగా, సోమవారం నాడు, ఆఫీసుకు ఉత్తర్వు వచ్చింది.

మాది జిల్లా గిడ్డంగుల పర్యవేక్షణ కార్యాలయం. వరహాలమ్మ గారు అక్కడ సీనియర్ అసిస్టెంటు, నేను టైపిస్టును. ఊళ్లోకి వచ్చే ధాన్యం, బియ్యం మా గిడ్డంగిలో ఉంటాయి. వాటిని తూచడం, పరీక్షించడం, సీలు వేయడం, కాపాడటం మా పని. మా అధికారి పరాంకుశరావు గారు మంచివారు. ఎవరినీ కసిరి ఎరగరు. ఆయన చేతికి వచ్చిన ఏ కాగితాన్నీ చిన్నచూపు చూడరు.

ఉత్తర్వు పేరు విదేశీ సెలవు సంసిద్ధతా ఉత్తర్వు. కారణం కూడా అందులోనే ఉంది. వేరే శాఖ ఉద్యోగి ఒకాయన స్వెట్టరు లేకుండా ఏదో చలిదేశానికి సెలవు మీద వెళ్లాడు. అక్కడి విమానాశ్రయంలో ఊడ్చే ఆమె జాలిపడి ఆయనకు దుప్పటి కప్పింది. ఆ ఫొటో పేపర్లో పడింది. దానివల్ల రాష్ట్ర ప్రతిష్ఠకు జలుబు చేసినట్టు పైవాళ్లు భావించారు. కాబట్టి ఇకమీదట విదేశానికి సెలవుపై వెళ్లే ప్రతి ఉద్యోగి సంసిద్ధతనూ సొంత కార్యాలయమే పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి. పరీక్షించవలసినవి మూడు: సామగ్రి, గమ్యం, వ్యక్తి. ధ్రువపత్రం లేకుండా వెళ్లినవారిది అనధికార గైర్హాజరు.

ఎలా పరీక్షించాలో మాత్రం ఉత్తర్వులో లేదు. చివరి పేరాలో ఒక వాక్యం ఉంది. "ఇందులో పేర్కొనని విషయాలకు ఆయా కార్యాలయాల నియమావళియే వర్తించును."

మా నియమావళి రెండు వందల పన్నెండు పేజీలు. మొత్తం ధాన్యం గురించే. మనిషి అనే మాట అందులో ఒక్కచోటే వస్తుంది, బస్తాలు మోసేవాళ్ల దగ్గర.

"అమ్మా వరహాలమ్మా," అన్నారు పరాంకుశరావు గారు, కళ్లజోడు తుడుచుకుంటూ. "ఇది మన కార్యాలయ చరిత్రలో ప్రప్రథమ విదేశీ సంసిద్ధతా వ్యవహారం. దీనిని ఆదర్శప్రాయంగా నిర్వహించవలసిన గురుతర బాధ్యత మన భుజస్కంధాలపై ఉన్నది."

"మీరు తలచుకుంటే ఎంతసేపు సార్. ఒక సంతకం పెట్టీండి."

"సంతకం అనేది ప్రక్రియకు కిరీటం వంటిదమ్మా. కిరీటం ముందు పెట్టి తల తరువాత తేలేము కదా. పెట్టె పట్టుకురండి."

గురువారం పెట్టెను ఆటోలో తెచ్చాం. క్వాలిటీ ఇన్‌స్పెక్టరు సోమేశ్వరం గారు దాన్ని కాటా మీద పెట్టించారు. ఆయన గోదావరి వైపు మనిషి. బియ్యపు గింజ నాలుక మీద వేసుకుని ఏ మిల్లుదో చెప్పగలరు.

"ఇరవై మూడండి," అన్నారు.

పరాంకుశరావు గారు నియమావళి తిప్పారు. "ప్రామాణిక బస్తా యాభై కిలోలు. అనగా ఇరవై ఏడు కిలోల తరుగు. ఏమైందమ్మా ఇరవై ఏడు కిలోలు?"

"ఏటీ అవలేదు సార్. అసలు పెట్టలేదు. విమానంవాళ్లు అంతే ఒప్పుకుంటారు."

"పెట్టకపోవడం వలన కలిగినదీ తరుగే. సంజాయిషీ ఫారం ఇవ్వండి సోమేశ్వరం."

ఫారంలో తరుగుకు మూడే కారణాలున్నాయి. చెమ్మ ఆరుట, చిరుగుల ద్వారా కారుట, ఎలుకలు. వీటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. నాలుగో కారణం రాయడానికి చోటు లేదు. వరహాలమ్మ గారు ఆ కాగితం వెనక్కి కూడా తిప్పి చూశారు. పెట్టె చెమ్మగా లేదు, చిరిగీ లేదు. ఎలుకల దగ్గర టిక్కు పెట్టి నా చెవిలో అన్నారు, "పోనీలే, పనైపోతాది."

తరువాత సోమేశ్వరం గారు నమూనా గొట్టం తీశారు. ఇది మూరెడు పొడవున్న ఇనప గొట్టం, కొస వాడిగా ఉంటుంది. బస్తాలో గుచ్చి లాగితే గింజలు గొట్టంలోకి వస్తాయి. ఆయన పెట్టె ముందు గొంతుక్కూర్చున్నారు.

"ఆగండి, తాళం తీస్తాను," అన్నారు వరహాలమ్మ గారు. "తెరిచి అన్నీ చూసుకోండి."

"తెరిచిన బస్తా నమూనా చెల్లదండి. ఎప్పుడూ మీరే కదండీ మెమోలు రాసేది, తెరిచి తీశావేమని."

అది నిజం. ఆవిడే రాసేవారు. ఆవిడ చేతిరాతలోనే అలాంటి మెమోలు సోమేశ్వరం గారికి నాలుగున్నాయి.

నియమం ప్రకారం పైనా మధ్యా అడుగునా మూడుచోట్ల గుచ్చారు. నీలం పెట్టె మొదటి పోటుకు చప్పుడు చేసింది, తరువాత చేయలేదు. పైనుంచి దోమతెర పోగులు వచ్చాయి. మధ్యలోంచి తెల్లటి ఖద్దరు ముక్క, రూపాయి బిళ్లంత, గుండ్రంగా వచ్చింది. అడుగునుంచి గోంగూర వచ్చింది. సోమేశ్వరం గారు దాన్ని వేలితో తీసి నాలుకకు రాసుకుని, కళ్లు మూసుకుని, రిమార్కుల గడిలో "ఉప్పు ఒక పిసరు తక్కువ" అని రాశారు.

వరహాలమ్మ గారు ఆ ఖద్దరు ముక్క అడిగి తీసుకుందామనుకున్నారు. అది అప్పటికే కవరులో పెట్టి సీలు వేసేశారు.

సోమవారం నమూనాల ఫలితం వచ్చింది. ధాన్యం, శూన్యం. ధాన్యం కానివి, నూటికి నూరు. పరాంకుశరావు గారు రెండుసార్లు చదివి కాగితం బల్ల మీద పెట్టారు. ఆయన ముఖంలో కోపం లేదు, బాధ ఉంది.

"ఇంతటి కల్తీని నా ఇరవై ఆరేళ్ల సర్వీసులో దర్శించలేదు. అయినను మీ మీద గౌరవంతో దీనిని తీవ్రంగా పరిగణించడం లేదు. కాని ఎలుకలు తిన్నాయని మీరే లిఖితపూర్వకంగా అంగీకరించారు. ఎలుక వచ్చినచోటికి పురుగూ వచ్చును. అందుచేత మందు పెట్టక తప్పదు."

"ఏడు రోజులు మూసి ఉంచుతారు సార్ అది. నాకు బుధవారం ప్రయాణం."

"వచ్చే బుధవారం. ఈవేళ సోమవారం. ఏడు రోజులకు మళ్లీ సోమవారం. మీకు ఇంకా రెండు రోజులు మిగులుతాయి. ప్రభుత్వం అన్నీ ఆలోచించే చేస్తుందమ్మా."

"తినే వస్తువులున్నాయి అందులో."

"తినే వస్తువులకే కదమ్మా ఆ మందు పెట్టేది."

ముప్ఫై ఏళ్లుగా అదే మాట ఆవిడ ఊరందరికీ చెబుతూ వచ్చారు. గిడ్డంగి ఆరో గదిలో, ఒక మూల, నీలం పెట్టె మీద పెద్ద టార్పాలిను కప్పారు. వెయ్యి బస్తాలకు సరిపోయే టార్పాలిను అది, చిన్నది లేదు. అంచుల చుట్టూ ఇసుక సంచులు పేర్చి, లోపల మందు బిళ్లలు పెట్టి, పుర్రె బొమ్మ ఉన్న బోర్డు తగిలించారు.

ఆ వారం గమ్యం సంగతి చూశారు. నియమావళిలో గమ్యం అంటే సరుకు చేరే గిడ్డంగి. దానికి పదకొండు ప్రశ్నల పత్రం ఉంది. పరాంకుశరావు గారి బల్ల మీద ఫోను పెట్టి, అకోసువాను పిలిచి, అందరికీ వినిపించేలా ఉంచారు.

"అమ్మాయీ, మీ గ్రామమునకు వరద ముంపు ఉన్నదా?"

"ఎవులు పిన్నీ ఇతను? పేపరు సదివినట్టు మాటాడతన్నాడు."

"మా సార్ గారే. ఊరుకో. అడిగినదానికి చెప్పు."

"వరద రాదు సార్. మాది మెట్ట."

"ధాన్యము నిల్వ చేయు కట్టడము నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నది?"

"మా అమ్మమ్మ మొక్కజొన్న గది ఉన్నాది. కర్రల మీద కట్టినాం. నా నడుం ఎత్తుంటాది."

"ఎలుకల నివారణ?"

"కర్రలకి రేకు చుట్టినాం. జారిపోతాయి."

సోమేశ్వరం గారు తల ఎత్తారు. "పురుక్కేం చేస్తారండి?"

"కింద పొయ్యి ఉంటాది. అమ్మమ్మ వంట అక్కడే. పొగకి పురుగు రాదు. అమ్మమ్మ పొత్తు ఒలిసి, గింజ కొరికి, పుచ్చిందో లేదో సెప్పీస్తాది."

"కొరికి చెప్పేస్తారా," అన్నారు సోమేశ్వరం గారు. ఆ ముసలమ్మను చూడాలని ఆయనకు అప్పుడే అనిపించినట్టుంది. "ఎన్నేళ్ల బట్టి అండీ?"

"పుట్టినకాడ నుంచి."

పదకొండు ప్రశ్నలకు పదకొండు మార్కులు వచ్చాయి. మా గిడ్డంగికి పోయిన ఏడాది ఏడు వచ్చాయి. ఆరో గది కప్పు కారుతుంది. పరాంకుశరావు గారు కాస్త ఆలోచించి, "కట్టడమునకు తాళము ఉన్నదా?" అని పత్రంలో లేని ప్రశ్న ఒకటి అడిగారు. లేదంది అకోసువా, ఎందుకు అని కూడా అడిగింది. ఆయన అయిదు మార్కులు తగ్గించి, తృప్తిగా, గమ్యం ఉత్తీర్ణమైనట్టు రాశారు.

"మరి నేను వెళ్తన్నట్టేనా సార్?" అన్నారు వరహాలమ్మ గారు.

"మూడింట ఒక అంశము పూర్తయినది."

"పిన్నీ," అంది ఫోను, "పెట్టె కట్టీసినావా?"

"కట్టీసారు. సీలు కూడా వేసీసారు."

సోమవారం టార్పాలిను తీశారు. పెట్టెలో పురుగు లేదు. మొదట్లోనూ లేదు కనుక మందు బ్రహ్మాండంగా పనిచేసిందని సోమేశ్వరం గారు ధ్రువీకరించారు. పెట్టెకు ఒక అట్టముక్క కట్టి, ఆరో గది స్టాకు రిజిస్టరులో ఎక్కించి, బస్తాల వరసలో చివర పెట్టారు. మంగళవారం ఉదయం వరహాలమ్మ గారు విడుదలకు అర్జీ పెట్టుకున్నారు. దాన్ని నేనే టైపు చేశాను.

పరాంకుశరావు గారు రిజిస్టరు తెప్పించుకున్నారు.

"ముందు వచ్చిన సరుకు ముందు పోవలెను. ఇది నిల్వ విధానమునకు ప్రాణము వంటి సూత్రము. ఆరో గదిలో మీ పెట్టెకు ముందు ఏమున్నదమ్మా?"

వరహాలమ్మ గారు రిజిస్టరు చూడకుండానే చెప్పారు. ఆ రిజిస్టరు ఆవిడదే. "పదకొండు వందల బస్తాల నూకలు."

"అవి ఎప్పుడు పోవును?"

"కోర్టులో ఉన్నాయి సార్. ఎనిమిదేళ్లయింది."

"అవి పోయిన మరుక్షణం మీదే."

"అవి నూకలు సార్. ఇది నా పెట్టె. నా చీరలు."

"స్టాకు అన్నాక స్టాకేనమ్మా. మీకు ఒకటి మినహాయిస్తే రేపు మిల్లర్లు వచ్చి కూర్చుంటారు, మా పెట్టె అని." ఆయన గొంతు తగ్గించారు. "నేను రాతిగుండెవాడిని కాను. పెట్టె విషయమై పైకి రాశాను. జవాబు వస్తుంది. ఈలోగా మూడో అంశము, వ్యక్తి, పూర్తి చేద్దాం. సరుకు పరీక్ష సరుకు నిల్వ ఉన్నచోటనే జరగవలెనని నియమము. కనుక రేపు ఉదయం ఎనిమిదికి మేమే మీ ఇంటికి వస్తాం. మీరు ఎక్కడికీ కదలనక్కర లేదు."

"పదికి బస్సెక్కాల సార్ నేను."

"ఎనిమిదికి వస్తామంటున్నాము కదా."

ఆ సాయంత్రం ఆవిడ పెరట్లో మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచారు. నేనూ కూర్చున్నాను.

"ధ్రువపత్రం లేకుండా వెళ్తే ఏమవుతుందండీ?" అన్నాను.

"సర్వీసుకి గండి పడతాది. పెన్షను కాగితాలు పెట్టినప్పుడు బయటకొస్తాది. ఎంతమందికి నేనే రాశానో ఆ కాగితం." ఒక కాయ ఒలిచి గింజలు పళ్లెంలో వేశారు. "తప్పు లేకుండా రాసేదాన్ని. ఒక్కటి కూడా తిరిగి రాలేదు."

"వెళ్లకపోతే?"

"పదిమందిలో ఆ పిల్ల ఒక్కతీ నిలబడతాది. ఆ మేనత్త అడుగుతాది, ఏదీ మీ పిన్ని అని." చిక్కుడు తొక్కలు పోగుచేశారు. "ఇదీ జరిగిందని ఫోన్లో చెప్పొచ్చనుకో. పెట్టెకి ఎలకలు తిన్నాయని నేనే రాసిచ్చాను, అంచేత మందు పెట్టారు, అంచేత నూకల వెనక పెట్టారు అని. నాకే నమ్మకం కుదరట్లేదు, ఆవిడేం నమ్ముతాది."

బుధవారం ఎనిమిదికి ముందే వచ్చారు ఇద్దరూ. పరాంకుశరావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. పెళ్లి చూపులకు వచ్చినట్టు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, హాల్లో కుర్చీల్లో కూర్చున్నారు. వరహాలమ్మ గారు ఉప్మా, టీ ఇచ్చారు. నన్ను ఆఫీసు లాప్‌టాప్‌తో ఎదురుగా కూర్చోబెట్టారు, చెప్పింది చెప్పినట్టు ఎక్కించడానికి.

"దరఖాస్తుదారు రంగు?" అన్నారు పరాంకుశరావు గారు.

"సహజం అండి," అన్నారు సోమేశ్వరం గారు.

"వాసన?"

"ఉప్మా వాసన అండి. సరుకుది కాదండి."

"విరిగిన గింజల శాతం?"

"చెయ్యేమైనా ఎప్పుడైనా విరిగిందాండి?"

"లేదు," అన్నారు వరహాలమ్మ గారు. గోడ గడియారం ఎనిమిదిన్నర చూపిస్తోంది. "సార్, బస్సు."

"ఇక ఒక్కటే. తేమ."

తేమ కొలిచే యంత్రం చిన్న పెట్టెలా ఉంటుంది, గింజలు పోయడానికి ఒక గిన్నె ఉంటుంది. ఆవిడ చూపుడు వేలు గిన్నెలో పెట్టించారు. ముల్లు చివరి గీతదాకా వెళ్లి అక్కడే వణికింది. సోమేశ్వరం గారు యంత్రాన్ని తట్టి, తన వేలు పెట్టి చూసుకున్నారు. మళ్లీ అంతే. ఆయన తన వేలు ఫలితం రాయించలేదు.

"లెక్కప్రకారం మనిషిలో అరవై పాళ్లు నీరేనండి. హైస్కూలు పుస్తకంలోనే ఉంది."

"బియ్యమునకు పరిమితి?"

"పధ్నాలుగండి."

"సడలింపు?"

"తుఫాను వచ్చిన ఏడాది ఒకటో రెండో ఇస్తారండి. ఈ ఏడు తుఫాను లేదు."

పరాంకుశరావు గారు నిట్టూర్చారు. ఆయన నిజంగానే సాయం చేయాలని చూశారు. నియమావళి ముందుకీ వెనక్కీ తిప్పారు, అట్ట లోపల కూడా చూశారు.

"తిరస్కరించడం లేదమ్మా," అన్నారు. "తిరస్కరణకూ దీనికీ హస్తిమశకాంతరం. ఎండబెట్టి పునఃపరీక్షకు హాజరుపరచవచ్చునని ఉన్నది. మీ డాబా ఉన్నది కదా. టార్పాలిను మన గిడ్డంగి నుంచి ఇప్పిస్తాను."

"రోజుకు రెండుసార్లు తిరగెయ్యాలండి," అన్నారు సోమేశ్వరం గారు. "లేకపోతే ఒకవైపే ఆరతారు."

"ఎన్ని దినములు పట్టును?"

"చలికాలపు ఎండండి. అరవై నుంచి పధ్నాలుగుకి రావాలంటే..." ఆయన వేళ్లు మడిచారు. "ఇదివరకు ఎవర్నీ ఆరబెట్టలేదు కదండి, అనుభవం మీద చెప్పాలి."

"ఆరబెట్టు కాలమును సెలవుగా కాక విధి నిర్వహణగా పరిగణించవచ్చునని నా అభిప్రాయం. వరహాలమ్మకు నష్టం రాకూడదు. నూకరత్నం, ఇది కూడా ఎక్కించు."

నూకరత్నం నేనే. ఎక్కించాను. మొదటి వాక్యం సరిగా వినపడలేదు సార్, మళ్లీ మొదటి నుంచి చెప్పండి అన్నాను. ఆయన సంతోషంగా మొదటి నుంచి చెప్పారు. అది అయ్యాక మళ్లీ చెప్పమన్నాను. ఎండలో నిలబెట్టాలా పడుకోబెట్టాలా అన్నదాని మీద ఇద్దరికీ భేదాభిప్రాయం వచ్చింది, దాన్నీ రాయమన్నారు. రాశాను.

వరహాలమ్మ గారు వంటింటి గుమ్మంలో ఉప్మా పళ్లేలు పట్టుకుని నిలబడి ఇదంతా విన్నారు. పళ్లేలు లోపల పెట్టిన చప్పుడైంది. చేతులు కడుక్కున్న చప్పుడైంది. బీరువా తెరుచుకుంది, మూసుకుంది.

ఆవిడ హాల్లోకి వచ్చేసరికి భుజాన చేతిసంచీ ఉంది. అందులో పాస్‌పోర్టు, పసుపు కార్డు, టిక్కెట్టు తప్ప మరేమీ పట్టవు. కట్టుకున్నది రోజూ ఆఫీసుకు కట్టే చీరే. కుర్చీలు దారికి అడ్డంగా ఉన్నాయి. పరాంకుశరావు గారు మాట ఆపకుండానే కాళ్లు వెనక్కి లాక్కుని దారి ఇచ్చారు.

"రాయమ్మా. పై పరిశీలనల దృష్ట్యా, దరఖాస్తుదారు విదేశీ ప్రయాణమునకు ఎంతమాత్రమూ సంసిద్ధంగా లేరని..."

ఆవిడ చెప్పులు వేసుకుంటూ ఒకసారి నా వంక చూశారు. నేను తల దించుకుని ఆ వాక్యం టైపు చేస్తూనే ఉన్నాను. ఆవిడ గేటు తీసి, బయటికి వెళ్లి, వెనక్కి తిరిగి గడియ వేసి, బస్టాండు వైపు నడిచారు.